సీడెడ్ అనే ఒక విశేషణం

పెద్ద హీరో సినిమా ఏదైనా విడుదలైతే, సోమవారం పొద్దున్నకల్లా ఫోన్లోకి ఒక పట్టిక వచ్చిపడుతుంది. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు ఇంతింత. ఈ వరసలో మిగతా పేర్లన్నీ ఎవరికైనా అర్థమవుతాయి. ఒకటి రాజు పేరు, కొన్ని జిల్లాల పేర్లు, ఒకటి నది పేరు, రెండు దిక్కుల పేర్లు. ఒక్క సీడెడ్ మాత్రమే ఏంటో తెలియని మాట. మాది ఆ సీడెడ్.

చిన్నప్పుడు బి.కొత్తకోటలో పోస్టర్ల మీదా, సినిమా పేజీల్లోనూ ఆ మాట చూసి, అది ‘విత్తనం’ అనే ఇంగ్లీషు మాట నుంచి వచ్చిందని నాకు నేనే తేల్చేసుకున్నాను. అందుకు కారణం కూడా ఉంది. జూన్ వస్తే సబ్సిడీ విత్తనకాయల కోసం తెల్లారుజామునే చెప్పులు వరసలో పెట్టి జనం కూర్చునే ఊరు మాది. చెనిక్కాయ విత్తనాలు, టమోటా నారు, వాటి ధరలు, వానలు. ఇవి తప్ప పెద్దవాళ్ళ మాటల్లో వేరే ఏమీ ఉండేది కాదు. విత్తనాలు ఎక్కువ చల్లే ప్రాంతం కాబట్టి సీడెడ్ అని ఎవరో మర్యాదగా పేరు పెట్టారనుకున్నాను. ఇంజినీరింగ్ రెండో ఏడులో లైబ్రరీలో ఒక చరిత్ర పుస్తకం తిరగేస్తూంటే ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లో కనబడింది. మొదటి అక్షరం నేననుకున్నది కాదు. తెలుగు లిపిలో రెండు మాటలూ ఒకేలా రాస్తాం కాబట్టి ఇరవై ఏళ్ళ వయసు దాకా నా తప్పు నాకు దొరకలేదు. విత్తనం లేదు, ఏమీ లేదు. ఆ మాటకి అర్థం ‘అప్పగించేసిన’.

ఎవరు, ఎవరికి, ఎందుకు అప్పగించారన్నది తర్వాత చెప్తాను. ముందు ఆ మాట గురించి.

సీడ్ అనే ఆ క్రియ ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వచ్చింది. దాని వెనక లాటిన్ కేదెరె ఉంది. కేదెరె అంటే వెళ్ళడం, పక్కకి తప్పుకోవడం, చోటివ్వడం. మదనపల్లె బస్సులో ఎవరైనా ‘కొంచెం జరగన్నా’ అంటే మనం చేసే పని అది. ఈ ఒక్క ధాతువుకి పుట్టిన సంతానం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ప్రాసెస్, యాక్సెస్, ప్రొసీడ్, ఎక్సీడ్, కన్సీడ్, సక్సెస్ అన్నీ దాని పిల్లలే. పూర్వీకుణ్ణి సూచించే యాన్సెస్టర్ కూడా ఆ ఇంటి మాటే, అంటే ముందుగా నడిచిపోయినవాడు. ఆఫీసులో రోజుకి వందసార్లు ప్రాసెస్ అనీ, యాక్సెస్ అనీ అంటూ బతికే నాకు, అవి మా సీమ పాత పేరుకి అన్నదమ్ముల వరస అని తెలిసిన రోజు కాసేపు పని చెయ్యబుద్ధి కాలేదు. ‘సీడెడ్‌లో సక్సెస్ మీట్’ అన్న పోస్టరు ఎక్కడైనా కనబడితే గమనించండి, అందులో ఒకే ధాతువు రెండుసార్లు ఉంది.

ఆ మూలార్థంలో నాకు నచ్చినది ఒకటుంది. జరిగేది ఇచ్చేవాడు, నేల కాదు. ‘నేను తప్పుకుంటున్నాను, నువ్వు రా’ అనడం. కానీ ఇంగ్లీషువాళ్ళు ఆ క్రియకి తోక తగిలించి విశేషణం చేసేసరికి కథ తిరగబడింది. తప్పుకున్న మనిషి వాక్యంలోంచి మాయమైపోయాడు, నేల మీద ముద్ర మిగిలింది. మన టీముల్లో ఏదైనా పాడైతే ‘బిల్డ్ బ్రేక్ అయింది’ అంటాం, ఎవరు చేశారో చెప్పం. ఎవరి పేరూ రాకుండా పని మాత్రం నమోదు చెయ్యడానికి అంతకంటే మంచి వ్యాకరణం లేదు. సర్కారు కాగితాలకి ఈ రకం విశేషణాలంటే ప్రాణం. అసైన్డ్ భూమి, రిజర్వుడ్ ఫారెస్టు, షెడ్యూల్డ్ ఏరియా. 1871లో చట్టం చేసి కొన్ని జాతుల్ని నేరస్థులుగా ‘నోటిఫైడ్’ అన్నారు. 1952లో ఆ చట్టం తీసేశాక వాళ్ళు ‘డీనోటిఫైడ్’ అయ్యారు. అంటే విముక్తి కూడా ఆ పాత విశేషణానికి ఒక ముందు ముక్క అతికించడమే అయింది. వీటన్నిటిలో చేసినవాడు కనబడడు. చేయించుకున్నవాడే ఆ మాటని మోసుకు తిరగాలి.

ఇప్పుడు చరిత్ర.

1792లో మూడో మైసూరు యుద్ధం ముగిశాక టిప్పు సుల్తాను తన రాజ్యంలో సగం వదులుకోవాల్సి వచ్చింది. దాన్ని కంపెనీ, మరాఠాలు, నిజాం పంచుకున్నారు. కడప వైపు నేల నిజాం వాటాకి వచ్చింది. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు చనిపోయాడు. జూన్ 22న మిగిలిన రాజ్యాన్ని మళ్ళీ పంచారు. ఈసారి నిజాంకి వచ్చిన వాటిలో గుత్తి, గుర్రంకొండ ఉన్నాయి. మేం గుర్రంకొండ వైపు వాళ్ళం. ఆ కోట మా ఊరికి దూరమేమీ కాదు. స్కూలు పిల్లల్ని తీసుకుపోయి మహల్ చూపించి, పులిహోర పొట్లాలు పంచి వెనక్కి తెస్తారు. ఆ కోట కింది సీమ ఏడాదిన్నర తిరక్కుండా ఎన్ని చేతులు మారిందో మాత్రం ఏ సారూ చెప్పలేదు.

నిజాం అలీ ఖాన్‌కి కంపెనీ సైన్యం కాపలా ఉండేది. ఆ సైన్యానికి ఖర్చు ఆయనే పెట్టుకోవాలి. సైన్య సహకార పద్ధతి అని పదో తరగతిలో చదివి మర్చిపోయి ఉంటారు, ఇదే అది. ప్రతి ఏటా డబ్బు కట్టే బదులు, కంపెనీ శాశ్వతంగా భూమే తీసేసుకునేలా 1800 అక్టోబరు 12న ఒప్పందం జరిగింది. 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి తనకి వచ్చిన ప్రాంతాలని నిజాం కంపెనీకి ఇచ్చేశాడు. ఆ ఇచ్చేసిన నేలకి కంపెనీ పెట్టిన పేరు సీడెడ్ డిస్ట్రిక్ట్స్.

తేదీలు మళ్ళీ చూడండి. 1799 జూన్ 22 నుంచి 1800 అక్టోబరు 12 దాకా. పదహారు నెలలు కూడా నిండలేదు. గుర్రంకొండ సీమ నిజాంది అయింది ఆ కాస్త కాలమే. అంతకు ముందు హైదరు, టిప్పుల కింద ఉన్నాం, ఆ తర్వాత కంపెనీ కింద. పట్టుమని రెండు పంటలైనా చూడని యజమాని మమ్మల్ని ఎవరికో రాసిచ్చిన ఒక్క పని మా పేరై, రెండు వందల పాతికేళ్ళ తర్వాత కూడా సోమవారం పొద్దున ఫోన్లో మోగుతోంది. విజయనగరం అన్ని తరాలు ఏలినా మాకు అంత గట్టి ముద్ర వెయ్యలేకపోయింది, 1928 దాకా.

ఇంకొకటి కూడా చూడండి. కోస్తా సర్కారు జిల్లాలు కూడా కంపెనీకి నిజాం ద్వారానే దఖలు పడ్డాయి, 1766 ఒప్పందంతో. వాటికి మాత్రం ఈ విశేషణం తగల్లేదు. సర్కారులు అని, పాత పాలనా విభాగం పేరే ఉండిపోయింది. వాళ్ళకి నామవాచకం దక్కింది, మాకు కర్మణి విశేషణం. ఉత్తర భారతంలో అవధ్ నవాబు 1801లో ఇచ్చిన నేలకీ ఇదే మాట వాడారు. సీడెడ్ అండ్ కాంకర్డ్ ప్రావిన్సెస్ అన్నారు, అంటే ఇచ్చినవీ గెలిచినవీ అని. కొన్ని దశాబ్దాలకే అక్కడ ఆ పేరు పోయింది. ఈ రోజు కాన్పూరులోనో గోరఖ్‌పూరులోనో ఎవరూ తాము సీడెడ్ వాళ్ళం అనుకోరు. మా దగ్గర మాత్రం అది నిలిచిపోయింది.

నిలవడానికి థామస్ మన్రో ఒక కారణం అనుకుంటాను. 1800 నుంచి 1807 దాకా ఆయన ఈ మొత్తం ప్రాంతానికి ప్రిన్సిపల్ కలెక్టరు. ఎనభై మంది దాకా ఉన్న పాళెగాళ్ళని అణిచాడు. కొందరిని తరిమాడు, కొందరికి భరణం ఇచ్చి కూర్చోబెట్టాడు. పొలం పొలం కొలిపించి, రైతు పేరున శిస్తు కట్టాడు. రైత్వారీ పద్ధతికి పునాదుల్లో ఈ నేల ఒకటి. అంతవరకూ ముక్కలుగా, ఎవరి పాళెం వాళ్ళదిగా ఉన్న చోటు ఆయన లెక్కల పుస్తకాల్లో మొదటిసారి ఒక్కటిగా కనబడింది. 1808లో దాన్ని బళ్ళారి, కడప జిల్లాలుగా విడగొట్టారు. కానీ రెంటినీ కలిపి పిలవాల్సి వచ్చినప్పుడల్లా పాత మాట ఉండనే ఉంది. ఒకచోటుకి బయటివాడు ముందు లెక్క రాసుకుంటాడు, తర్వాత అక్కడివాళ్ళు ఆ లెక్కలోంచే తమని తాము చూసుకోవడం నేర్చుకుంటారు. ఇది నాకు ఇష్టమైన విషయం కాదు, అయినా అలాగే జరిగింది.

మా మదనపల్లె తాలూకా అప్పుడు కడప జిల్లాలోది. మా ఊరి పక్కన హార్స్‌లీ కొండలు ఉన్నాయి కదా, ఆ హార్స్‌లీ కడప కలెక్టరే. వేసవికి చల్లగా ఉంటుందని 1860ల్లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. కొండకి అంతకు ముందే ఏనుగు మల్లమ్మ కొండ అన్న పేరుంది. ఏనుగులు మేపి పెంచిన పిల్ల కథ మా అవ్వ చెప్పేది. అవ్వకి అది చివరిదాకా మల్లమ్మ కొండే, టికెట్ ఇచ్చే కండక్టరుకి హార్స్‌లీ హిల్స్. ఇద్దరూ ఒకే బస్సులో గొడవ లేకుండా పోయేవాళ్ళు.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు తెచ్చి అందులో కలిపారు. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు, పుంగనూరు జమీ, కుప్పం ఉన్న కంగుంది జమీ ఇవన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చినవి. చంద్రగిరి వైపు నేల కంపెనీకి దక్కింది ఆర్కాటు నవాబుతో 1801లో జరిగిన ఒప్పందం వల్ల. అంటే కచ్చితంగా మాట్లాడితే తిరుపతి ఏనాడూ సీడెడ్ కాదు. కర్నూలు కూడా అంతే, అక్కడి నవాబుని కంపెనీ దించేసింది 1839లో. బళ్ళారి నిజంగా సీడెడ్, అది 1953లో మైసూరుకి పోయింది. ఈ రోజు సినిమావాళ్ళు తిరుపతి వసూళ్ళు కూడా సీడెడ్ లెక్కలోనే వేస్తారు. నిజాం ఎన్నడూ చూడని, ఇవ్వని నేల కూడా ఆయన ఇచ్చిన ఖాతాలో చేరిపోయింది. డేటాబేసులో ఒకసారి తప్పు కాలమ్ పేరు పెడితే తీసెయ్యడం ఎంత కష్టమో మా వృత్తిలో వాళ్ళకి తెలుసు.

ఇంగ్లీషు విశేషణాన్ని తెలుగు చేసినవాళ్ళు ‘దత్త మండలాలు’ అన్నారు. ఎవరు మొదట చేశారో గానీ, ఈ అనువాదం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దత్త అంటే సంస్కృతంలో ‘ఇవ్వబడిన’. వ్యాకరణం ప్రకారం సరిగ్గా సరిపోయింది. కానీ తెలుగువాడి చెవికి దత్త అనగానే దత్తత వినిపిస్తుంది, దత్తపుత్రుడు గుర్తొస్తాడు. ఇంగ్లీషులో ఉన్నది వదులుకోవడం, ఒక ఓటమి లాంటిది. తెలుగులోకి వచ్చేసరికి అది పెంపకం అయింది, పసుపూ కుంకమా కలిసింది. ఇంకోవైపు ‘ధారాదత్తం చేశారు’ అనే వాడుక మన పత్రికల్లో ఎప్పుడూ తిట్టే. సర్కారు భూములు ఎవరికో ధారాదత్తం అయ్యాయి అని రాస్తారు. నీళ్ళు ధారపోసి దానమిచ్చిన పుణ్యకార్యమే అందులో ఉన్నా, చదివేవాడికి దోపిడీ అని అర్థమవుతుంది. ఒక్క దత్త చుట్టూ ఇంత ప్రేమా ఇంత కోపమూ ఉన్నాయి. దత్త మండలం అని విన్న 19వ శతాబ్దపు కడప రైతుకి ఏది వినిపించి ఉంటుంది?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా నాయన దత్తుడు. ఆరేళ్ళప్పుడు పిల్లల్లేని తన పెదనాయన ఇంటికి పోయాడు. పది ఇళ్ళ అవతల ఇల్లే. మా నోళ్ళలో ఆ సంగతి ఎప్పుడొచ్చినా చుట్టాలంతా ‘వాణ్ణి ఇచ్చేసినారు’ అంటారు. ఆయన మాత్రం ఎన్నడూ ఆ మాట అనలేదు. ‘నేను ఆ ఇంటికి పోయినా’ అంటాడు. ఆరేళ్ళ పిల్లాడు తనంతట తాను నిర్ణయించుకుని సంచి సర్దుకుని పోయినట్టు. చాలా ఏళ్ళు నేను దాన్ని అమాయకత్వం అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. తన జీవితంలో మొదటి పెద్ద సంగతికి తాను కర్తగా ఉండాలని ఆయన పట్టుబట్టాడు, అంతే.

1928 నవంబరులో నంద్యాలలో జరిగింది అలాంటిదే. ఆంధ్ర మహాసభ అక్కడ జరిగింది. దానితోపాటే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్త మండలాల సమావేశం నడిచింది. అందులో చిలుకూరి నారాయణరావు, ఈ దత్త అనే పేరు మనకి వద్దు, రాయలసీమ అందాం అని సూచించారు. సభ ఒప్పుకుంది. చాలాకాలం ఈ పేరు పెట్టిన ఘనత గాడిచర్ల హరిసర్వోత్తమరావుకి ఇచ్చేవాళ్ళు, ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో అలాగే ఉంటుంది. చిలుకూరి వారి సంగతిలో నాకు ఆసక్తిగా ఉన్నవి రెండు. ఒకటి, ఆయన ఈ సీమలో పుట్టినవాడు కాదు, శ్రీకాకుళం వైపు మనిషి. రెండు, ఆయన అనంతపురంలో పాఠాలు చెప్పిన కాలేజీ 1916లో మొదలైంది సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అనే పేరుతోనే. రోజూ ఆ బోర్డు కిందనుంచి నడిచి తరగతికి పోయిన మనిషి. పైగా భాషాశాస్త్రజ్ఞుడు, తర్వాత ఆంధ్ర భాషా చరిత్రము రాసినవాడు. క్తాంత విశేషణం ఏం చేస్తుందో ఆ సభలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఉండి ఉండరు.

ఆయన ఇచ్చిన పేరులో ‘ఇవ్వడం’ లేదు. రాయల ఏలుబడి ఉంది. అదీ ఒక యజమాని పేరే కదా అనొచ్చు, నేనూ అన్నాను ఒకప్పుడు. రేనాడు లాంటి అంతకంటే పాత పేర్లున్నాయి. తెలుగులో దొరికిన అతి పాత శాసనాల్లో ఒకటైన కలమళ్ళ శాసనం రేనాటి చోళులదే. కానీ రేనాడు అంటే బళ్ళారివాడూ మదనపల్లెవాడూ కలిసిరారు. పేరు పెట్టడంలో సత్యం ఒక్కటే చాలదు, అందరూ పట్టగలిగేంత వెడల్పు కూడా కావాలి. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక నాటికి రాయలసీమ రాజకీయ పత్రాల్లోకి ఎక్కేసింది. తొమ్మిదేళ్ళు. ఒక కొత్త మాటకి అది చాలా వేగం.

చిన్న తమాషా ఏమిటంటే, సీమ అనే మాటని విశేషణంగా ముందు పెడితే తెలుగులో విదేశీ అని అర్థం. సీమ చింత, సీమ వంకాయ, సీమ సరుకు. దొరలు సీమ నుంచే వచ్చేవాళ్ళు. ఇప్పుడు సీమ భాష, సీమ కథ అంటే మాదే అని అందరికీ తెలుసు. ఆ మాటని కూడా మెల్లగా మావైపు లాక్కున్నాం. (సీమ సినిమా అంటే బాంబులూ సుమోలూ గుర్తొచ్చేలా చేసినవాళ్ళ గురించి ఇక్కడ రాయను, అది ఇంకో వ్యాసమంత కోపం.)

ప్రభుత్వం వదిలేసింది, కాలేజీ బోర్డు మారింది, పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యం మిగిలింది. సినిమా వ్యాపారంలో మాత్రం సీడెడ్ బతికే ఉంది. అదీ విశేషణంగా కాదు. మొబైల్ ఫోన్‌లో ఫోన్ రాలిపోయి మొబైల్ ఎలా మిగిలిందో, సీడెడ్ డిస్ట్రిక్ట్స్‌లో డిస్ట్రిక్ట్స్ రాలిపోయి ఇది నామవాచకం అయిపోయింది. దాని పక్కనే నైజాం. నిజాం ఏలుబడి 1948లో పోయింది, కంపెనీ రాజ్యం 1858లోనే పోయింది. డిస్ట్రిబ్యూటర్ల లెక్కల్లో మాత్రం 1800 నాటి ఒప్పందం ఇంకా అమల్లో ఉంది. ఇచ్చినవాడు ఒక వరసలో, ఇచ్చింది కింది వరసలో.

ఆ మాట మానెయ్యాలని వాదించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ వాదన నాకు అర్థమవుతుంది. రాయలసీమ అని రాస్తే ఎవరికీ పోయేదేమీ లేదు. కానీ నాకొక భయం ఉంది. మాట పోతే, పదహారు నెలలైనా ఏలని ఒక రాజు తన కాపలా ఖర్చు కింద మమ్మల్ని జమకట్టిన సంగతి గుర్తుచేసేది ఏదీ మిగలదు. గాయం మానడం వేరు, ఎక్కడ తగిలిందో మర్చిపోవడం వేరు. ఒక్కోరోజు ఒక్కోలా అనిపిస్తుంది. ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు మానెయ్యాలనే అనుకున్నాను.

పోయిన సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఇదంతా మా నాయనకి చెప్పాను. మా ముత్తాత పుట్టినప్పుడు మా ఇల్లు కడప జిల్లా, నేను పుట్టినప్పుడు చిత్తూరు జిల్లా, 2022లో అన్నమయ్య జిల్లా. ఇల్లు కదల్లేదు. ఆయన అరుగు మీద కూర్చుని శ్రద్ధగానే విన్నాడు.

“ఇచ్చినోడి పేరు నైజాం అని ఉండాది. ఇచ్చిన జాగా పేరు సీడెడ్ అని ఉండాది. తీసుకున్నోడి పేరు యాడుండాదిరా?” అన్నాడు.

లేదన్నాను. తీసుకున్నది కంపెనీ అని చెప్పాను.

“కంపెనీ అంటే నువ్వు పన్జేసేలాంటిదా?”

ఇంచుమించు అలాంటిదే అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా, మదనపల్లె మార్కెట్‌లో టమోటా రేటు ఎంత పలికిందో చూడమని ఫోన్ నా చేతికిచ్చాడు.